పూల్ మూసిన శనివారం

ఆ ఏడాది అక్టోబరులో మా ఇంటి పూల్‌ని నేనే మూసేశాను. చలికాలం వస్తోందని కాదు, మా ఆయన్ని నీళ్ళలోంచి బయటికి రప్పించాలని. చలికాలం ఒక సాకు. మంచి సాకే దొరికిందని సంతోషించాను కూడా.

అది రెండు వేల ఇరవై. ఫిబ్రవరిలో జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ శివార్లలో ఈ ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మా అమ్మాయి ఈవా ఆడుకోవడానికి తోట కావాలని తీసుకుంటే, తోటతో పాటు నేలలో కట్టిన పూల్ కూడా వచ్చింది. ఇల్లుగల ఆవిడ, ఫ్రావు హిర్ష్‌బెక్, భర్త పోయాక డ్రెస్డెన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు ఆ పూల్ అంటే మొదట్నుంచీ భయమే. ఏడేళ్ళ పిల్లతో నీళ్ళ పక్కన కాపురమేమిటని గొణుక్కున్నాను. నెల తిరక్కుండా బళ్ళు, ఆఫీసులు, చివరికి పిల్లల ఆటస్థలాలు కూడా మూతపడ్డాయి. ఆ వేసవిలో మా వీధిలో మమ్మల్ని చూసి కుళ్ళుకోని వాళ్ళు లేరు. నా భర్త రూఫస్ ఈవాకు ఈత నేర్పాడు. కాకినాడ నుంచి అతని తమ్ముడు హ్యారీ వీడియో కాల్‌లో చూసి, "అన్నయ్యా, అది ఈతా, స్నానమా? కాలవలో అయితే ఈపాటికి కొట్టుకుపోయేవాడివి" అని పడీ పడీ నవ్వాడు.

హ్యారీ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాడు. బడులు మూసేశాక మందుల షాపులో పనికి కుదిరాడు. ఆగస్టులో జ్వరం తగిలింది. భార్య వైశాలి నర్సు. తను పనిచేసే ఆసుపత్రిలోనే ఎలాగో మంచం సంపాదించి చేర్పించింది. వారం తిరక్కుండా పోయాడు.

రూఫస్ వెళ్ళలేకపోయాడు. విమానాలు ఒకటీ అరా తిరుగుతున్నాయి గానీ, టికెట్ దొరికి, పరీక్ష చేయించుకుని, అక్కడ దిగాక క్వారంటైన్‌లో కూర్చుని బయటికొచ్చేసరికి అంతా అయిపోతుంది. అయిపోయింది కూడా. సమాధుల తోటలో ఎవరో ఫోన్ పట్టుకుని చూపిస్తుంటే, మేము ఇక్కడ వంటింట్లో నిలబడి చూశాం. మధ్యలో సిగ్నల్ పోయింది. మళ్ళీ కలపలేదు. రూఫస్ ఫోన్ బల్ల మీద పెట్టి, "పాలు పొంగుతున్నాయి చూడు" అని నాకు చెప్పి, తోటలోకి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి మొదలైంది. పగలంతా పైగదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకునేవాడు. లాప్‌టాప్ మూయగానే పూల్‌లో దిగేవాడు. ఈదేవాడు కాదు. వెల్లకిలా తేలుతూ, చెవులు నీళ్ళలో ముంచి, ఆకాశం కేసి చూస్తూ పడుకునేవాడు.

"ఎందుకలా?" అని ఒకసారి అడిగాను.

"చెవుల్లోకి నీళ్ళెళ్తే ఏమీ వినపడదు కుమారీ" అన్నాడు. "బావుంటుంది."

నా పేరు ఏసుకుమారి. ఇంట్లో అందరికీ కుమారినే.

మొదట్లో నేనూ పోనీలే అనుకున్నాను. మనిషి ఏడవకపోతే ఏదో ఒక దారి వెతుక్కోవాలి కదా అని సర్దిచెప్పుకున్నాను. సెప్టెంబరు వెళ్ళింది. పక్కింటి అక్రోటు చెట్టు ఆకులు రాలి నీళ్ళ మీద పరుచుకోవడం మొదలుపెట్టాయి. వాటిని చేతులతో పక్కకు నెట్టుకుంటూ రూఫస్ దిగుతూనే ఉన్నాడు. పెదాలు నీలంగా మారి, పళ్ళు టకటకలాడుతూ లోపలికొచ్చి, మాట్లాడకుండా అన్నం తిని పడుకునేవాడు. ఈవా కిటికీ దగ్గర నిలబడి, "మామా, పాపా ఇస్ట్ వీడర్ ఇమ్ వాసర్" అని జర్మన్‌లో కబురు చెప్పేది. నాన్న మళ్ళీ నీళ్ళలోనే ఉన్నాడని. మొదట నవ్వుతూ చెప్పేది. తర్వాత నవ్వడం మానేసింది.

సరిగ్గా ఆ వేళకే కాకినాడ నుంచి ఫోన్ వచ్చేది. చేసేది వైశాలి.

"అక్కా, బావగారు ఉన్నారా?"

"స్నానంలో ఉన్నారమ్మా" అనేదాన్ని. అందులో అబద్ధమేమీ లేదు.

అలా ఎన్నిసార్లు చెప్పానో. చివరికి ఒక రోజు వైశాలే అడిగేసింది. "అక్కా, బావగారికి నామీద కోపమా? ఆయన్ని బతికించుకోలేకపోయానని?"

"ఛ, అదేం మాట! ఆయన ఎవరితోనూ మాట్లాడట్లేదు తల్లీ. నాతోనూ అంతంతే. ఏమిటో నాకు చెప్పు."

అప్పుడు చెప్పింది. నర్సులకు జర్మన్ నేర్పించి ఇక్కడి ఆసుపత్రులకు పంపే సంస్థ ఒకటి హైదరాబాదులో ఉందట. పరీక్ష పెట్టి తీసుకున్నారట. నవంబరు మొదట్లో హాస్టల్‌లో చేరాలి. చేరకపోతే ఆ సీటు వేరేవాళ్ళకు పోతుంది. అత్తయ్య ససేమిరా ఒప్పుకోవడం లేదు.

"నా మాట వినరు అక్కా. మీ మాటా వినరు. బావగారు ఒక్క మాట చెప్తే చాలు."

"అంత తొందరేంటి వైశాలీ? ఒక ఏడాది ఆగొచ్చు కదా" అన్నాను. నాకు తెలియక అన్నాను.

వైశాలి చాలా మామూలుగా, కూర ఏం వండావని అడిగితే చెప్పినట్టు చెప్పింది. "నన్ను మళ్ళీ ఆ వార్డులోనే వేశారు అక్కా. ఆయన ఉన్న మంచం కిటికీ పక్కది. రోజూ దాని మీద దుప్పటి మారుస్తున్నాను."

నేనేమైనా అనేలోపే ఫోన్ మా అత్తగారు లాక్కున్నారు. ఆవిడ పేరు సీతారత్నం. మా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. గొంతు ఎత్తితే మైకు అక్కర్లేదు.

"కుమారీ, నువ్వు మధ్యలో దూరకు. ఒకడు పోయాడు. ఇంకొకడు దేశం కాని దేశంలో కూచుని తమ్ముడి మీద గుప్పెడు మన్ను వెయ్యడానికి కూడా రాలేకపోయాడు. ఇప్పుడు దీన్ని కూడా అక్కడికే తోలమంటావా? రేపు నేను పోతే టీవీలో చూస్తారా అందరూ?"

ఫోన్ స్పీకర్‌లో ఉంది. వెనక్కి తిరిగితే గుమ్మంలో రూఫస్. ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి, తువ్వాలు చేతిలోనే ఉంది. తల్లి మాట ప్రతి అక్షరమూ విన్నాడు. తువ్వాలు కుర్చీ మీద పడేసి, వచ్చినవాడు వచ్చినట్టే మళ్ళీ పూల్ కేసి నడిచాడు.

మర్నాడు కాఫీ దగ్గర కదిపి చూశాను. "అత్తయ్యగారితో ఒక్కసారి మాట్లాడండి. పిల్ల బతుకు అది."

"ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?" అన్నాడు. "వెళ్ళలేకపోయినవాడే ఇంకొకర్ని పంపమని ఎలా అడుగుతాడు? అమ్మ అన్నదాంట్లో తప్పేముంది?"

ఆ సాయంత్రం మామూలే.

ఆ వారంలోనే ఫ్రావు హిర్ష్‌బెక్ ఫోన్ చేసింది. రాత్రుళ్ళు మంచు గడ్డకట్టే చలి మొదలవుతోందట, పూల్‌ని చలికాలానికి మూసేశారా అని. మూయకపోతే గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి, గొట్టాలు పగులుతాయి. ఈ పని చేసే కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి మనిషి నవ్వేసింది. కరోనా పుణ్యమా అని ఆ వేసవిలో పూల్ పెట్టించుకోని వాడు పాపాత్ముడు. డిసెంబరు దాకా ఒక్క అపాయింట్‌మెంట్ కూడా లేదు. మళ్ళీ డ్రెస్డెన్‌కే చేశాను.

"అయితే మీరే చేసుకోండి" అంది ముసలావిడ. "మా ఆయన ప్రతి ఏడూ తనే చేసేవాడు. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని."

"ముందు ఏం చేసేవారు?"

"ముందు తిట్టేవాడు" అంది. "చాలాసేపు తిట్టేవాడు. తర్వాత ఆకులు తీసేవాడు."

నాకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. ఆవిడకు తెలిసిందంతా కిటికీలోంచి కనపడినంత మేరే. మిగతాది ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి పూరించుకున్నాను. ఒక్క సంగతి మాత్రం ఆవిడ రెండుసార్లు చెప్పింది. నీళ్ళు మొత్తం తోడేయకూడదు. ఒకసారి వాళ్ళాయన తోడేస్తే, కింద భూమిలోని నీళ్ళు తొట్టిని పైకి నెట్టేసి, అడుగున పగులు వచ్చిందట. లోపల నీళ్ళ బరువు ఉంటేనే అది నేలలో నిలుస్తుంది.

శనివారం పొద్దున్న రూఫస్‌కు ఒక్క మాటా చెప్పలేదు. రబ్బరు బూట్లు తొడుక్కుని, పొడవాటి కర్రకున్న వలతో ఆకులు తీయడం మొదలుపెట్టాను. ఈవా ఆ ఆకుల్ని ఒక మూలకు కుప్ప పోసింది. గోడల చుట్టూ పట్టిన పాచిని బ్రష్‌తో గీకాను. చేతులు కొంకర్లు పోయాయి. తర్వాత ఇసుక ఫిల్టర్‌లో నీళ్ళు వెనక్కి పారించి కడగాలి, దాని పిడి ఎటు తిప్పాలో తెలియక నేనూ తిట్టడం మొదలుపెట్టాను. తెలుగులోనే తిట్టాను, ఈవాకు తెలుగు తిట్లు రావని. అవి బాగానే వచ్చని ఆ రోజే తెలిసింది.

రూఫస్ చేతిలో కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం చేస్తున్నావు?"

"మూసేస్తున్నాను."

"ఇంకొన్నాళ్ళు ఉండనీ."

"గొట్టాలు పగులుతాయట."

"నేను చూసుకుంటా అన్నానుగా."

"అనలేదు" అన్నాను. "మీరు రెండు నెలల్నించి ఏమీ అనట్లేదు."

కప్పు కిటికీ గట్టు మీద పెట్టాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బావుండునని కూడా అనుకున్నాను. చెప్పులేసుకుని వచ్చి, నా చేతిలోని పిడి తీసుకుని, కిందికి నొక్కి తిప్పాడు. "నొక్కకుండా తిప్పితే విరుగుతుంది" అన్నాడు. ఫిల్టర్‌లోంచి మురికి నీళ్ళు గొట్టం గుండా గడ్డి మీదికి పారాయి.

నీటి మట్టం దింపడానికి చాలాసేపు పడుతుంది. నీళ్ళు లోపలికి వచ్చే గొట్టం మూతుల కంటే కిందికి దిగాలి. పంపు తోడుతుంటే మేమిద్దరం గట్టు మీద కూర్చున్నాం. గోడ మీద తడి గీత మెల్లగా కిందికి జారుతోంది.

"మొత్తం తోడేద్దాం" అన్నాడు. "ఎందుకీ సగం సగం? ఖాళీగా ఉంటే గొడవ లేదు."

"కుదరదు. ఖాళీ చేస్తే కింది నీళ్ళు పైకి నెట్టేస్తాయట. ఆవిడ చెప్పింది."

ఇంజినీరు కదా, లెక్క వేసుకున్నట్టు ఒక క్షణం ఆలోచించి తలూపాడు. "నిజమే. దాన్యూబ్ పక్కనే కదా. నేలంతా నీళ్ళే."

అప్పుడు చెప్పాను. ముందే అనుకుని చెప్పింది కాదు, నోట్లోంచి వచ్చేసింది. "వైశాలికి ఆ వార్డులోనే డ్యూటీ వేశారట."

"ఏ వార్డు?"

"ఆ వార్డే. కిటికీ పక్క మంచం. రోజూ దుప్పటి మారుస్తోందట."

రూఫస్ నా వంక చూడలేదు. గడ్డి మీద పారుతున్న నీళ్ళ వంకే చూస్తున్నాడు. "ఎప్పట్నించి?" అన్నాడు.

"పనిలో మళ్ళీ చేరినప్పట్నుంచీ."

నీళ్ళు మూతుల కిందికి దిగాయి. పంపు ఆపి, విప్పి, లోపల మిగిలిన నీళ్ళు ఒంపేసి, ఇద్దరం పట్టుకుని నేలమాళిగలోకి చేరవేశాం. గొట్టాల్లో మిగిలిన నీటిని, ఆకులు ఊదే యంత్రంతో గాలి కొట్టి బయటికి తోశాడు. అవతల మూతిలోంచి నీళ్ళు చిమ్మినప్పుడల్లా ఈవా కేకలు వేసి ఎగిరింది. ఆ మూతులకు రబ్బరు బిరడాలు బిగించడం ఒక్కటే మిగిలింది. అవి గట్టుకు బాగా కిందికి ఉన్నాయి. రూఫస్ తడి రాళ్ళ మీద బోర్లా పడుకుని, నడుము దాకా లోపలికి వంగి చెయ్యి చాచాడు. జారి పడతాడేమోనని నేను అతని పిక్కల మీద కూర్చున్నాను.

అతని మొహం నాకు కనపడటం లేదు. గొంతు మాత్రం తొట్టి గోడలకు తగిలి, కొంచెం గుల్లగా పైకి వస్తోంది.

"వాడి మీద మన్ను వేసేటప్పుడే సిగ్నల్ పోయింది కుమారీ."

"ఊఁ. చూశాను."

"మళ్ళీ చేసి ఉంటే కలిసేదేమో. నేను చేయలేదు."

నా కింద అతని కాళ్ళు వణుకుతున్నాయి. చలికి కావచ్చు. ఆ వణుకు చాలాసేపు ఉంది. నేను అలాగే కదలకుండా కూర్చున్నాను. ఈవా ఆకుల కుప్ప దగ్గర్నించి మా వైపు చూసి, ఏమనుకుందో ఏమో, మళ్ళీ తన ఆటలో పడిపోయింది.

"ఇది ఎంత బిగించాలి?" అన్నాడు చివరికి, ముక్కు ఎగబీలుస్తూ.

"చేత్తో ఎంత వస్తే అంతట."

అప్పుడే లోపల ఫోన్ మోగింది. ఈవా పరిగెత్తి పట్టుకొచ్చింది. "పాపా, టాంటె వైశాలి." వైశాలి పిన్ని అని.

నేను చెయ్యి చాచబోయాను. రూఫస్ తల ఎత్తకుండానే, "స్పీకర్‌లో పెట్టమ్మా" అన్నాడు.

"బావగారూ?" అంది వైశాలి. రెండు నెలలుగా ఆయనతో మాట్లాడాలని చూస్తున్న పిల్ల, గొంతు వినేసరికి ఏం చెప్పాలో మర్చిపోయినట్టుంది. "బావగారూ... భోంచేశారా?"

"లేదమ్మా. పూల్ మూస్తున్నాం."

"ఏం మూస్తున్నారు?"

"పూల్. తర్వాత చెప్తాలే. అమ్మ ఉందా పక్కన? ఇవ్వు."

రూఫస్ వెనక్కి జరిగి లేచి కూర్చున్నాడు. చొక్కా ముందంతా తడి, గడ్డం మీద పాచి. ఫోన్ అవతల మా అత్తగారి ఊపిరి వినపడుతోంది.

"ఏరా" అన్నారు ఆవిడ. ఆ ఒక్క మాటలో అంత పెద్ద గొంతూ అణిగిపోయింది.

"అమ్మా, వైశాలిని పంపించు."

"నువ్వు కూడా అదే అంటావా? తమ్ముడు పోతే రాలేకపోయావు. రేపు నేను పోయినా దీనికీ అదే గతి."

"అవునమ్మా, రాలేకపోయాను" అన్నాడు రూఫస్. "రేపు నీకు కూడా రాగలనో లేదో చెప్పలేను. అబద్ధం చెప్పను. అయినా పంపించు. అది రోజూ తమ్ముడి మంచం మీద దుప్పటి మారుస్తోంది. నువ్వైతే ఆ గదిలోకి వెళ్తావా?"

అవతల నుంచి ఏ శబ్దమూ లేదు. ఆ వార్డు సంగతి ఆవిడకు తెలియదని మాకు అప్పుడే అర్థమైంది. వైశాలి అత్తగారికి ఆ ముక్క చెప్పనే లేదు.

"ఏమే" అని ఆవిడ అటు తిరిగి అనడం వినపడింది. "ఆ గదిలోనేనా?"

వైశాలి ఏమందో మాకు వినపడలేదు. చాలాసేపటికి అత్తగారు మళ్ళీ ఫోన్‌లోకి వచ్చారు.

"అక్కడ చలి ఎక్కువటగా."

"చలేనమ్మా."

"దీనికి స్వెట్టర్ లేదు."

"ఇక్కడ కొంటాంలే."

"నువ్వు కొనేదేంటి? నా కోడలికి నేను కొంటాను" అని ఫోన్ పెట్టేశారు.

రూఫస్ ఫోన్ ఈవా చేతికిచ్చి, మిగిలిన బిరడా బిగించడానికి మళ్ళీ బోర్లా పడుకున్నాడు. చీకటి పడేలోపు నీళ్ళ మీద పట్టా పరిచి, అంచుల వెంట ఇసుక సంచులు పెట్టేశాం. ఆ రాత్రి అన్నం తింటూ, రూఫస్ ఈవాకు హ్యారీ బాబాయి కాలవలో చెప్పు పోగొట్టుకున్న కథ చెప్పాడు. చెబుతూ మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. ఈవా ఓపిగ్గా ఆగి, "ఉంట్ డాన్?" అంది. తర్వాత ఏమైందని. తర్వాత ఏమైందో కూడా చెప్పాడు.

వైశాలి నవంబరులో హాస్టల్‌లో చేరింది. అనుకున్నంత సులువుగా ఏమీ జరగలేదు. మధ్యలో రెండో వేవ్ వచ్చి, క్లాసులన్నీ ఆపేస్తే మళ్ళీ కాకినాడ వచ్చి ఆసుపత్రిలోనే పనిచేసింది. జర్మన్ పరీక్ష ఒకసారి తప్పింది. తప్పిన రోజు రూఫస్ తనే ఫోన్ చేసి, తను ఇక్కడికొచ్చిన కొత్తలో బేకరీలో రొట్టె అడగబోయి ఏం అడిగాడో చెప్పి నవ్వించాడు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఈవా ఆమెకు ఫోన్‌లో ఉచ్చారణ దిద్దేది. చాలా కర్కశమైన పంతులమ్మ, మా ఈవా.

రెండు వేల ఇరవై రెండు ఫిబ్రవరిలో వైశాలి మ్యూనిక్‌లో దిగింది. ఒంటి మీద ముదురు ఎరుపు స్వెట్టర్, దాని కింద ఇంకొకటి. ఇక్కడికి అరగంట దూరంలో ఉన్న ఆసుపత్రిలో ఉద్యోగం. పైగది రూఫస్ ఖాళీ చేసి ఆమెకిచ్చి, తన బల్ల హాల్లోకి మార్చుకున్నాడు.

వచ్చిన మొదటి ఆదివారం పక్కింటి పెద్దాయన కంచె దగ్గర కనపడి, ఈ కొత్తమ్మాయి ఎవరని అడిగాడు.

"మైనె ష్వెస్టర్" అన్నాడు రూఫస్. మా చెల్లెలు అని.

ఈవాకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు, తప్పు వింటే ఊరుకోదు. "పాపా, అది తప్పు. తమ్ముడి భార్యను ష్వేగరిన్ అనాలి."

జర్మన్‌లో నర్సును కూడా ష్వెస్టర్ అనే పిలుస్తారు. పెద్దాయన అయోమయంగా వైశాలి వంక, రూఫస్ వంక చూశాడు. "అంటే ఈమె నర్సా, మీ చెల్లెలా?"

"రెండూ" అన్నాడు రూఫస్.

వైశాలి తల వంచుకుని, స్వెట్టర్ చేతులు వేళ్ళ దాకా లాక్కుంది. తర్వాత తలెత్తి, తను నేర్చుకున్న జర్మన్‌లో, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ ఆయనకు తన పేరు చెప్పింది.